వెనక బటన్ జగ్గారావు

జగ్గారావు ముక్కుకి కుడిపక్కన, కంటికి కాస్త కింద, చింతగింజంత నల్లమచ్చ ఉంటుంది. పుట్టుమచ్చ కాదు. పెళ్ళిచూపుల్లో అది లేదని ధనలక్ష్మి ఎవరడిగినా ఒట్టేసి చెబుతుంది. అతని కుడిచేతి బొటనవేలి కణుపు పదకొండేళ్ళుగా అక్కడే రాసుకుని రాసుకుని తెచ్చిపెట్టిన మచ్చ అది. కూర్మన్నపాలెం జంక్షన్ పక్కసందులో ఫోటో స్టూడియో పెట్టుకుని, పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ గృహప్రవేశాలకీ తిరిగే మనిషికి ముఖం మీద మచ్చ ఉంటే మాత్రం ఏం, ఎవరూ అతన్ని చూడరు. అందరూ అతను చెప్పినవైపు చూస్తారు.

ఆ మచ్చ ఎందుకొచ్చిందో చెప్పాలంటే రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, అతనిది ఎడమచేతివాటం. చోడవరం దగ్గర పల్లెలో చిన్నప్పుడు ఎడమచేత్తో బలపం పట్టాడని మాస్టారు కణుపుల మీద కొట్టారు. వాళ్ళమ్మ దేముడమ్మ అన్నం తినడానికీ, ఒకరికేదైనా అందించడానికీ మాత్రం కుడిచెయ్యి అలవాటు చేసి, మిగతాదంతా దేవుడికి వదిలేసింది. చెయ్యి ఎడమదైతే చాలామందికి చూసే కన్నూ ఎడమదే అవుతుంది. జగ్గారావు సూదిలో దారం ఎక్కించినా, తుపాకీతో బుడగలు కొట్టినా కుడికన్నే మూసుకునేవాడు.

రెండోది, కెమెరాలు తయారుచేసేవాళ్ళు ఇలాంటివాళ్ళని మనుషుల కింద జమకట్టలేదు. ఎడమచేతివాళ్ళకి కత్తెరలు దొరుకుతాయి, గిటార్లు దొరుకుతాయి. కెమెరాకి మాత్రం నొక్కేవీ తిప్పేవీ అన్నీ కుడివైపే. ఎడమచెయ్యి కింద లెన్సు బరువు మొయ్యాలి, అంతే. ఊళ్ళో ఎడమచేతివాళ్ళంతా కలిసి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో జగ్గారావుకి తెలీదు. తెలిస్తే మొదటి సంతకం, అదీ ఎడమచేత్తో, అతనే పెట్టేవాడు.

పంతొమ్మిదో ఏట విశాఖపట్నం వచ్చి ద్వారకా నగర్‌లో ఉమాశంకర్ గారి స్టూడియోలో లైట్లు మోసే పనిలో చేరాడు. ఉమాశంకర్ గారిది కృష్ణా జిల్లా. పని దగ్గర చండశాసనుడు, అన్నం దగ్గర తల్లి. జగ్గారావు సొంతంగా షాపు పెట్టుకున్నాక కూడా అప్పుడప్పుడూ పిలిచి పని చెప్పేవారు. అలాంటి ఒక పెళ్ళిలోనే, పదకొండేళ్ళ క్రితం, ఆయన జగ్గారావు కెమెరా తీసుకుని మెనూలో ఏదో మార్చి తిరిగి ఇచ్చారు.

"ఇవాళ్టి నుంచి ఫోకస్ చూపుడువేలితో కాదయ్యా, బొటనవేలితో" అన్నారు.

మామూలు కెమెరాలో ఫోటో తీసే బటన్ సగం నొక్కితే ఫోకస్ పడుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. రెండు పనులూ చూపుడువేలివే. పెళ్ళిమండపంలో అదే చిక్కు. నువ్వు పెళ్ళికూతురి ముఖం చూసుకుని నొక్కబోయే సమయానికి మేనత్త ఎవరో అడ్డంగా చెయ్యి చాపుతుంది, కెమెరా టక్కున ఆ చేతిగాజుల మీదకి పోతుంది. ఉమాశంకర్ గారు ఆ రెండు పనుల్నీ విడగొట్టేశారు. వెనకవైపు, కుడి బొటనవేలు ఆనే చోట చిన్న బటన్ ఒకటుంటుంది. ఇక ఫోకస్ దానిది. ముందున్నది ఉత్తినే ఫోటో తీస్తుంది, ఇంకే ఆలోచనా చెయ్యదు. బొటనవేలు నొక్కి వదిలేస్తే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. మేనత్త కాదు, ఊరంతా వచ్చి చేతులు చాపినా కదలదు.

కుడికంటితో చూసేవాళ్ళకి ఇది పెద్ద విద్యేం కాదు. వాళ్ళ బొటనవేలు ముఖానికి పక్కన గాలిలో ఉంటుంది. జగ్గారావు ఎడమకన్ను ఆనిస్తాడు కాబట్టి అతని ముక్కూ కుడి చెంపా వచ్చి సరిగ్గా ఆ బటన్ మీదే కూర్చుంటాయి. బొటనవేలు వాటి మధ్య ఇరుక్కుని, ముడుచుకుని, కళ్ళద్దాల్ని పొడుస్తూ పని చెయ్యాలి. కుడికంటికి మార్చి చూశాడు, ఫోటోల్లో మనుషుల్ని సగానికి నరికేశాడు. ఆర్నెల్లు నానాతిప్పలూ పడ్డాడు. ఆ తర్వాత ఏ రోజున వచ్చిందో అతనికీ తెలీదు, వేలికి బుద్ధి వచ్చింది. ఎవరి ముఖం కావాలో అతను అనుకునేలోపే బొటనవేలు నొక్కేసేది. అటు గాజువాక దాకా ఫోటోగ్రాఫర్లు అతన్ని 'వెనక బటన్ జగ్గారావు' అనడం మొదలెట్టారు. తెలియక ఎవరైనా అతని కెమెరా అరువు తీసుకుంటే, ముందు బటనే సగం నొక్కి ఫోకస్ పడిందనుకుని, ఫోటోలన్నీ మసకగా తీసుకుని వచ్చి తిట్టేవాళ్ళు. జగ్గారావు ఆ తిట్లు పడీపడీ నవ్వుతూ వినేవాడు. అవి తనకి వేసిన దండల్లా ఉండేవి.

రెండేళ్ళ క్రితం శ్రావణమాసం పెళ్ళిళ్ళప్పుడు కుడిచేతికి తిమ్మిరి మొదలైంది. డాక్టరు మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, అక్కడ నరం నొక్కుకుపోయిందనీ, చిన్న ఆపరేషన్ చాలనీ, కాకపోతే రెండు నెలలు కెమెరా ముట్టుకోకూడదనీ చెప్పాడు. మాఘం పెళ్ళిళ్ళు అయిపోనీ అనుకున్నాడు జగ్గారావు. అవి అయ్యాక వైశాఖం ఉంది కదా అనుకున్నాడు. ముహూర్తాలు లేని ఆషాఢం వచ్చేసరికి తిమ్మిరి కాస్త తగ్గినట్టనిపించి, ఇంకెందుకులే అని ఊరుకున్నాడు. తర్వాత్తర్వాత పూర్తిగా పోయింది. సంతోషించాడు కూడా.

ఒకరోజు పొద్దున్న పొయ్యి మీద గిన్నె దించి, దాన్ని చేత్తో పట్టుకుని ధనలక్ష్మితో మాట్లాడుతూ నిలబడ్డాడు. ఆమె ఒక్కుదుటున వచ్చి గిన్నె లాగేసింది.

"ఏటది, సెయ్యి కాల్తన్నాది కదా, తెలీట్లేదా?"

"తెలస్తంది."

"ఏటి తెలస్తంది? బొబ్బెక్కిపోయింది సూడు!"

చూశాడు. బొటనవేలి మీద బొబ్బ లేచింది. ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు. తిమ్మిరి తగ్గడం అంటే ఇదన్నమాట అనుకున్నాడు. భయపడాల్సింది, పడలేదు. ఎవరికీ చెప్పొద్దని మాత్రం ధనలక్ష్మికి చెప్పాడు.

ఫోకస్ మళ్ళీ చూపుడువేలికి మార్చుకుంటే సరిపోయేది. మెనూలో రెండు నిమిషాల పని. ఆ మాట అతనికి తట్టకపోలేదు. కానీ పెళ్ళిరోజున కెమెరాలో ఏదీ మార్చకూడదని అతని పట్టింపు, పెళ్ళి లేని రోజున ఆ సంగతి గుర్తుండదు. ఇంకో కారణం కూడా ఉంది, అది అతను ఒప్పుకోడు. వెనక బటన్ తీసేస్తే ఇక వెనక బటన్ జగ్గారావు ఎవరు?

ఈ ఏడాది ఫాల్గుణంలో గవర్రాజు గారు షాపుకొచ్చారు. భీమవరం ప్రాంతం నుంచి ముప్పై ఏళ్ళ క్రితం స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికొచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. షాపు మెట్లు రెండే అయినా ఎక్కి, కుర్చీలో కూర్చుని, మాట్లాడ్డానికి ఊపిరి కూడగట్టుకున్నారు.

"మా అమ్మాయి శ్రీసత్య పెళ్ళి, బాబూ. వైశాఖంలో చేద్దామనుకున్నాం గానీ నేను ఉండగానే కానిచ్చేద్దామని ముందుకి లాగాను. చిన్న హాలు, వందమంది. నాకు వీడియోలూ డ్రోన్లూ వద్దు. నా చేతులతో నేను కన్యాదానం చేస్తున్న ఫోటో ఒక్కటి మంచిది తియ్యి. మా అమ్మాయి చెయ్యి నా చేతిలో ఉండాలి. అది చాలు."

"అలాగేనండి. ఆ ఫోటో నాది పూచీ" అన్నాడు జగ్గారావు. ఆ ధీమా నటన కాదు. ఇరవై ఏళ్ళలో అతని చేతిలో కన్యాదానం ఫోటో తప్పిపోయిన పెళ్ళి లేదు.

పెళ్ళిరోజున గవర్రాజు గారిని ఇద్దరు పట్టుకుని పీట మీద కూర్చోబెట్టారు. పక్కన భార్య కనకరత్నం గారు, బిందెలో నీళ్ళతో. పెళ్ళికొడుకు నాగవంశీ కాళ్ళు కడగడానికి ఆయన వంగితే మళ్ళీ లేవగలరా అని అందరూ ఊపిరి బిగబట్టారు. పెళ్ళికూతురి పినతల్లి కూతురు దుర్గ ముందుకొచ్చి ఫోన్ ఎత్తింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు.

"అమ్మా, మీరు కాస్త పక్కకి తప్పుకోండి. నాను తీత్తన్నాను కదా. అందరికీ నానే ఇత్తాను" అన్నాడు జగ్గారావు. మర్యాదగానే అన్నాడు. దుర్గ ఫోన్ దించేసి వెళ్ళి వెనక కూర్చుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. అతని పని అతన్ని చేసుకోనివ్వడం మర్యాద కదా.

మొదట ముందున్న ఇత్తడి పళ్ళెం తీశాడు. పసుపు అక్షింతలు, తమలపాకులు, కొబ్బరిబోండాం. అప్పుడు బొటనవేలు సరిగ్గానే బటన్ మీద ఉంది. తర్వాత కెమెరా పైకెత్తి తండ్రి ముఖం మీదకి తెచ్చాడు. బొటనవేలు నొక్కింది, లేక నొక్కిందని అతననుకున్నాడు. వేలు బటన్‌కి అరంగుళం పక్కన, కెమెరా ఒంటి మీది రబ్బరుని నొక్కుతోంది. స్పర్శ ఉన్న వేలైతే ఠక్కున తెలిసిపోయేది. ఫోకస్ పడితే కెమెరా లోపల ఒక మూల చిన్న చుక్క వెలుగుతుంది. అది చూసుకునే అవసరం అతనికి పదకొండేళ్ళుగా రాలేదు. కన్ను ఆనించే ఆ చిన్న గాజులో మసక తేడా తెలియలేదు కూడా. మంత్రాల మధ్య కూత పెడుతుందని ఫోకస్ శబ్దం కూడా ఏనాడో ఆపేశాడు. చూపుడువేలు మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది, టకటకా, టకటకా.

ఇరవై నిమిషాలు. గవర్రాజు గారు కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు, అల్లుడి చేతిలో పెట్టారు, పైనుంచి కనకరత్నం గారు నీళ్ళు పోశారు. ఆయన ఏడవలేదు. చాలా పెద్ద పని పూర్తిచేసిన మనిషిలా కూతురి ముఖంలోకి చూసి నవ్వారు. జగ్గారావు ఆ నవ్వుని తీశాననుకున్నాడు. అది కాగానే ఆయన్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. తాళికట్టేటప్పుడూ, తలంబ్రాలప్పుడూ, చివర చుట్టాలందరితో తీసే గ్రూపు ఫోటోలోనూ ఆయన లేరు.

మర్నాడు పొద్దున్నే షాపులో కంప్యూటర్ మీద ఫోటోలు పెట్టుకున్నాడు. చిన్నచిన్నవిగా చూసినప్పుడు బాగానే ఉన్నాయి. పెద్దవి చేశాడు. ఇత్తడి పళ్ళెంలో అక్షింతలు ఒక్కొక్క గింజా లెక్కపెట్టొచ్చు. తమలపాకు ఈనె కనబడుతోంది. ఆ వెనక, తడి అద్దంలోంచి చూస్తున్నట్టు, ఒక తెల్లటి ఆకారం, ఒక ఎర్రటి ఆకారం. తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ. నూట నలభై మూడు ఫోటోలు. తాళి కట్టే సమయానికి వేలు ఎందుకో మళ్ళీ బటన్ మీదకి పోయినట్టుంది, అక్కణ్ణించి అన్నీ అద్దంలా ఉన్నాయి.

లేచి వెళ్ళి టీ తాగొచ్చాడు. వచ్చి కెమెరా తీసి మెనూలో ఫోకస్ చూపుడువేలికి మార్చేశాడు. రెండు నిమిషాలే పట్టింది. ఒక పాప పాస్‌పోర్ట్ ఫోటో కోసం వస్తే తీసి ఇచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాడు. తనకి ఏమీ అనిపించడం లేదన్న సంగతి సాయంత్రం దాకా అతనికి తట్టనే లేదు. తట్టాక కూడా, ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు ఎదురుచూశాడు. చేతిలోని మొద్దుతనం భుజం దాకా, అక్కణ్ణించి లోపలికీ వెళ్ళిపోయినట్టుంది. రేపు వెళ్ళి చెబుదాం అనుకున్నాడు. ఇంటికెళ్ళి ఆ తండ్రినీ కూతుర్నీ కూర్చోబెట్టి మళ్ళీ తీస్తే సరి అని కూడా అనుకున్నాడు. నిజంగానే సరిపోయేది.

నాలుగో రోజున గవర్రాజు గారే ఫోన్ చేశారు.

"ఏం బాబూ, నా ఫోటో ఎలా వచ్చింది?"

జగ్గారావు నోరు తెరిచాడు. చెప్పాలనుకున్నది ఇంకోటి.

"సూపర్‌గా వచ్చిందండి."

"మా అమ్మాయి చెయ్యి కనబడుతోందా?"

"కనబడతందండి. అన్నీ బాగున్నాయి."

"అంతే చాలయ్యా. నిదానంగానే ఇయ్యి, తొందరేం లేదు" అని పెట్టేశారు.

ఎందుకలా అన్నాడో అతనికే తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి అతని నోటినుంచి వచ్చే జవాబు అదొక్కటే. నోరు కూడా ఒక వేలు లాంటిదే, అలవాటు పడితే మనిషిని అడక్కుండా పని కానిచ్చేస్తుంది. ఆ వారమంతా రోజూ రేపు వెళ్దామనుకున్నాడు. మధ్యలో రెండు పెళ్ళిళ్ళు తీశాడు, చూపుడువేలితో, కొత్తగా నేర్చుకునేవాడిలా తడుముకుంటూ.

పెళ్ళైన పన్నెండో రోజున అల్లుడు నాగవంశీ ఫోన్ చేసి మావయ్యగారు పోయారని చెప్పాడు. ఆ సమయానికి జగ్గారావు పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తున్నాడు.

"ఎప్పుడండీ?" అన్నాడు. "అలాగేనండి" అన్నాడు. దేనికి అలాగేనన్నాడో తెలీదు. ఫోన్ పెట్టేసి మిగిలిన ఫోటోలు కత్తిరించాడు. ఎనిమిది ఫోటోలూ అంచులు సమానంగా, సూటిగా తెగాయి. అన్నం తెచ్చిన ధనలక్ష్మి సంగతి విని, గవర్రాజు గారి కోసం కళ్ళొత్తుకుని, మొగుడి ముఖం చూసి ఎందుకో జంకింది.

ఎనిమిది రోజుల తర్వాత శ్రీసత్య ఫోన్ చేసింది. "అంకుల్, నాన్నగారి పదకొండో రోజు ఎల్లుండి. ఆ కన్యాదానం ఫోటో పెద్దది చేసి ఫ్రేమ్ కట్టించి ఇస్తారా? వేరే పాత ఫోటో వద్దంటోంది అమ్మ. ఆయన అదే పెట్టమన్నారట."

అలాగేనమ్మా అన్నాడు.

మసక ఫోటోల్ని స్పష్టంగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బోలెడన్ని వచ్చాయి. జగ్గారావు ఉన్నవాటిలో కాస్త మెరుగైన ఫోటో ఒకటి తీసుకుని అందులో వేశాడు. అది కాసేపు ఆలోచించుకుని ఒక ముఖాన్ని బయటపెట్టింది. కళ్ళు నీరులేకుండా తేటగా ఉన్నాయి. చెంపలు నిండుగా ఉన్నాయి. కనుబొమల్లో వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి. పళ్ళు కూడా పెట్టింది, వరసగా, తెల్లగా. చాలా బాగుంది ఫోటో. జగ్గారావు దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. చుట్టూ పూలదండ వేస్తే సగం కప్పుకుపోతుంది, ఏడుపుల్లో ఎవరు పరీక్షగా చూస్తారు అనుకున్నాడు. ఫ్రేమ్ ఏ సైజు సరిపోతుందో కూడా చూసుకున్నాడు.

ధనలక్ష్మి వెనక నిలబడి చూసింది.

"ఎవులీయన?"

"గవర్రాజు గారు."

"కాదు. ఆయన షాపుకొచ్చినప్పుడు నాను మంచినీళ్ళిచ్చినాను కదా, నాకు తెల్దా? ఈయనెవులో."

అప్పుడు చెప్పాడు. వేలి సంగతి, ఫోటోల సంగతి, ఫోన్ సంగతి, అన్నీ వరసగా, కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాడు. చివర్న అతనే, "హార్డ్ డిస్క్ పోయిందని సెప్పేత్తే?" అన్నాడు. అది ఈ వృత్తిలో అందరూ ఒకసారి కాకపోతే ఒకసారి చెప్పే మాటే. వినేవాళ్ళు తిడతారు, కానీ నమ్ముతారు.

"ఆ పెద్దాయనకి ఒక అబద్ధం సెప్పినావు. ఆయన అది నమ్మీసి ఎల్లిపోనాడు" అంది ధనలక్ష్మి. "ఇంక ఆలకి కూడా సెప్పు. నీ ఇష్టం." టిఫిన్ క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

కంప్యూటర్లోని ఆ కొత్త ముఖాన్ని జగ్గారావు ఇంకాసేపు చూసి, చెరిపేశాడు.

మర్నాడు పదిగంటలకి లాప్‌టాప్ చంకన పెట్టుకుని గవర్రాజు గారింటికి వెళ్ళాడు. ముందుగదిలో కుర్చీలన్నీ గోడవారగా జరిపేసి ఉన్నాయి. శ్రీసత్య ఒక్కతే ఉంది, రేపటికి కావలసిన సామాను జాబితా రాసుకుంటోంది. కనకరత్నం గారు లోపలి గదిలో ఉన్నారు. చేతిలో ఫ్రేమ్ లేకపోవడం చూసి, ముందు కంప్యూటర్లో చూపించడానికి తెచ్చాడనుకుంది ఆ పిల్ల. జాబితా పక్కన పెట్టి, చున్నీతో కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికి జరిగింది.

అతను మొదటి ఫోటో తెరిచాడు.

"నాన్నేరీ?" అంది.

ఎడమచేత్తో చూపించాడు. "ఇదమ్మా. ఇది మీ చెయ్యి. ఇది ఆయనది."

ఆమె ముందుకి వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. దూరం నుంచి చూస్తే కనబడుతుందేమోనని.

"కన్యాదానంవన్నీ ఇలగే వచ్చినాయమ్మా. నా బొటనవేలికి స్పర్శ పోయింది. ఫోకస్ బటన్ మీద వేలు పడలేదు, నాకు తెలీలేదు. తప్పు నాదే, కెమెరాది కాదు. ఆయన ముఖం ఒక్కదాన్లో కూడా లేదు" అన్నాడు. ఈ మాటలు దారంతా అనుకుంటూ వచ్చాడు. అనుకున్నవి అనుకున్నట్టే వచ్చాయి. తనకే ఆశ్చర్యం వేసింది.

శ్రీసత్య ఇంకో రెండు ఫోటోలు జరిపి చూసింది. తర్వాత అడిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

దారంతా అనుకున్నవాటిలో ఈ ప్రశ్న లేదు.

"పెళ్ళైన మర్నాడమ్మా."

ఆమె తలూపింది. కోప్పడుతుందని చూశాడు. కోప్పడలేదు. ఎవరికో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు, నెమ్మదిగా చెప్పింది.

"ఆరో రోజున నేను అత్తగారింటి నుంచి వచ్చానంకుల్. ఆ రోజు నాన్న బాగున్నారు. లేచి కూర్చుని ఇడ్లీ కూడా తిన్నారు. నేను పెళ్ళి చీర మళ్ళీ కట్టుకుని వచ్చి ఆయన పక్కన కూర్చుని, ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుందాం నాన్నా అన్నాను. వద్దన్నారు. 'జగ్గారావుకి ఫోన్ చేశానమ్మా, చాలా బాగా వచ్చిందట, నీ చెయ్యి కూడా కనబడుతోందట. అది చాలు మనకి. ఈ వాచిపోయిన మొహంతో ఇంకోటెందుకు' అన్నారు. నేను సరేనని ఫోన్ లోపల పెట్టేశాను." కాస్త ఆగింది. "దుర్గ ఉంది అప్పుడు. తీస్తానంది కూడా. నేనే వద్దన్నాను."

ఆ పిల్ల మంచం మీద తండ్రి పక్కన పట్టుచీరలో కూర్చుని ఉండటం, ఆయన చెయ్యి అడ్డం పెట్టడం, తను తియ్యని ఆ ఫోటో జగ్గారావుకి ఎక్కడా మసక లేకుండా కనబడింది. నాలుగో రోజున రెండు ముక్కలు నిజం చెప్పి ఉంటే అది వీళ్ళ ఇంట్లో ఉండేది. వేలు చేసిన తప్పుకి మందుంది, డాక్టరున్నాడు. నోటితో చేసిన దానికి ఏముంది? మూడు వారాలుగా ఎక్కడో ఆగిపోయి ఉన్నదంతా ఒక్కసారి గుండెలోకి వచ్చి పడింది. సిగ్గు, దుఃఖం, ఆ పెద్దాయన మీద ఇష్టం, అన్నీ కలిసి నొప్పిగా వచ్చాయి. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తాడు గానీ ఆమె ముందు తుడుచుకోవడానికి తనకి హక్కు లేదనిపించి దించేశాడు.

"సత్యా" లోపలినుంచి కనకరత్నం గారి గొంతు. "ఫోటో అబ్బాయి వచ్చాడా? నాన్నగారి ఫోటో తెచ్చాడా? ఇలా పట్రమ్మా, నేను చూడాలి."

శ్రీసత్య లేవలేదు. జాబితా కాగితం చేతిలోకి తీసుకుని, దాన్ని మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

"మీరే చెప్పండి అంకుల్" అంది. "అమ్మకి నేను చెప్పలేను."

జగ్గారావు లేచాడు. లాప్‌టాప్ బల్ల మీదే వదిలేసి, గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడు. గోడకి ఆనుకుని చాప మీద కూర్చున్న కనకరత్నం గారు అతన్ని చూసి సర్దుకుని, కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. పెట్టుకుని, ఫోటో కోసం అతని చేతులవైపు చూశారు.